పక్కింట్లో లైటు వెలుగుతోందా

మా నెల్లూరులో కరెంటు పోతే "పోయింది" అనేవాళ్ళం కాదు, "తీసేశాడు" అనేవాళ్ళం. సబ్‌స్టేషన్‌లో ఎవడో ఒకడు కాలు మీద కాలేసుకుని కూర్చుని, సరిగ్గా మనం గ్రైండర్‌లో పప్పు పోసే సమయం చూసి స్విచ్ నొక్కుతాడన్నట్టు. మా అమ్మ వాణ్ణి రోజూ తిట్టేది. వాడింట్లో దోసెలు పోసుకోరా, వాడి పిల్లలకి పరీక్షలుండవా అని అడిగేది. ఇన్నేళ్ళ తర్వాత సింగపూర్‌లో కూర్చుని, ఆ తీసేసేవాళ్ళలో నేనూ ఒకదాన్నయ్యాను. ఈ సంగతి ఫోన్‌లో చెబితే అమ్మ, చుట్టుపక్కల ఎవరికీ చెప్పొద్దంది.

నేను తీసేసేది ఇక్కడి కరెంటు కాదు. ఇక్కడ కరెంటు పోవడమే అరుదు. ఇక్కడి బుకిట్ పంజాంగ్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయికి కొవ్వొత్తి అంటే పుట్టినరోజు కేకు మీద గుచ్చేది. మా ఆఫీసు పనిచేసేది అమెరికా పడమటి కొండల్లో కరెంటు ఇచ్చే ఒక సంస్థ కోసం. ఆ కొండల్లో వాన లేని నెలలు చాలా ఉంటాయి. అప్పటికి గడ్డి అప్పడంలా ఎండిపోతుంది. పైనుంచి పొడిగాలి దిగుతుంది. ఆ గాలికి తీగలు ఊగి చెట్టుకొమ్మకి తగిలాయా, ఒక్క నిప్పురవ్వ చాలు, ఊరికి ఊరే బూడిదవుతుంది. అందుకని గాలి రాకముందే ఆ తీగల్లో కరెంటు ఆపేస్తారు. గాలి తగ్గాక లైన్‌మెన్ కొండలెక్కి తీగలన్నీ కళ్ళారా చూసి, బాగున్నాయన్నాకే మళ్ళీ ఇస్తారు. ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఎప్పుడు ఏ వీధికి ఆపుతున్నారో ఆ ఇళ్ళవాళ్ళకి ముందుగా మెసేజీలు, ఫోన్లు వెళ్ళాలి. వాటిని పంపే ఏర్పాటు మాది. అక్కడ సాయంత్రం అయ్యేసరికి ఇక్కడ పొద్దున అవుతుంది కాబట్టి, వాళ్ళ చీకటికి ముందు పనంతా మా వెలుతురులో జరుగుతుంది.

నా పనేమిటో తెలిసిన రోజున మా అమ్మాయి నన్ను దొంగని చూసినట్టు చూసింది. స్కూల్లో అమ్మానాన్నల ఉద్యోగాల గురించి చెప్పాల్సి వచ్చి అడిగింది. నేను గాలి, గడ్డి, తీగ, నిప్పురవ్వ అన్నీ వరసగా వివరించాను. అంతా విని, "సో విండీ, దెన్ యూ ఆఫ్ దెయిర్ లైట్? సో మీన్ వన్, అమ్మా" అంది, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో. గాలేస్తే లైటు తీసేస్తావా, ఎంత చెడ్డదానివమ్మా అని. ఊరు కాలిపోవడం కంటే చీకట్లో కూర్చోవడం నయం కదే అన్నాను. అందుకు ఒప్పుకుంది గానీ ఇంకో ప్రశ్న వేసింది. ఊపిరి కోసం ఇంట్లో మెషీన్ పెట్టుకున్న ముసలివాళ్ళుంటారు కదా, వాళ్ళేం చేస్తారని. దానికి జవాబు నా దగ్గర కంటే మా ఆఫీసులో ఇంకొకావిడ దగ్గర ఎక్కువుంది. ఆవిడ గురించి రాయాలనే ఇది మొదలుపెట్టాను.

ఆవిడని అందరం ఆంటీ అనే పిలుస్తాం. మలేషియాలో పుట్టిన తెలుగావిడ. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి పెరాక్ తోటల్లో పనికి వెళ్ళిన కుటుంబం. పెళ్ళయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ భర్తతో సింగపూర్ వచ్చి చోవా చూ కాంగ్‌లో స్థిరపడింది. ఆవిడ తెలుగు విని మొదట్లో నేను నోరు నొక్కుకుని నవ్వుకునేదాన్ని. మన ముత్తవ్వల నాటి మాటలు కొన్ని, మధ్యలో తమిళం, పైన మలయ్ తాలింపు. పొద్దున్నే కనిపిస్తే "ఏటమ్మా, మకాన్ సేసావా?" అంటుంది. తిన్నావా అని అడగడమన్నమాట. తినలేదంటే వదలదు. కొన్నాళ్ళకి ఆ పలకరింపు వినకపోతే నాకు రోజు మొదలైనట్టే ఉండేది కాదు.

మా గదిలో మూడు కుర్చీలు ముఖ్యం. ఒకటి నాది. మెసేజీలు, ఫోన్లు ఆగకుండా వెళ్తున్నాయా లేదా చూడటం నా పని. రెండోది ఒక వరంగల్ అతనిది. ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదస్తుడు, ఏ లైను ఎప్పుడు ఆపుతున్నారో, అక్కడ గాలి ఎంతుందో మ్యాపులో చూస్తూ ఉంటాడు. మూడోది ఆంటీది. కరెంటు లేకపోతే ప్రాణం మీదికి వచ్చేవాళ్ళ బాధ్యత ఆవిడది. సంస్థ వాళ్ళ భాషలో వాళ్ళకి పొడుగాటి పేరుంది గానీ మేము ఆక్సిజన్ వాళ్ళనే అంటాం. మామూలు ఇళ్ళకి మెసేజీ వెళ్తే చాలు. ఆక్సిజన్ వాళ్ళు మాత్రం అందిందని తిరిగి చెప్పాలి. చెప్పకపోతే ఫోన్. ఎత్తకపోతే గంటగంటకీ మళ్ళీ ఫోన్. అప్పటికీ పలకకపోతే అక్కడి సంస్థ మనిషి వెళ్ళి తలుపు కొడతాడు. తలుపు తీయకపోతే ఒక కాగితం గొళ్ళేనికి తగిలించి వస్తాడు. కాగితం తగిలిస్తే కబురు అందినట్టే. అది రూలు.

ఆంటీకి ఆ రూలు సరిపోలేదు. ఆవిడకి తనదంటూ ఒక పద్ధతి ఉంది. ఆక్సిజన్ వాళ్ళ పని మొదలుపెట్టగానే లేచి గదిలో ఏసీ కట్టేస్తుంది. చివరి మనిషి సంగతి తేలేదాకా మళ్ళీ వెయ్యదు, ఎవరినీ వెయ్యనివ్వదు. సింగపూర్‌లో కిటికీ తెరుచుకోని గదిలో ఏసీ లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుసు. మా వరంగల్ అతను భుజాన తువ్వాలు వేసుకుని పనిచేసేవాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటిసారి గట్టిగానే అడిగాను, మనం చెమటలు కక్కితే అక్కడ వాళ్ళకి ఏమొస్తుంది ఆంటీ అని. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు.

"సల్లగా కూకుంటే కాసేపాగి సేద్దారిలే అనిపిస్తాదమ్మా. ఉక్కపోస్తే ఆగలేం" అంది.

నిజం చెప్పాలంటే ఆవిడ వచ్చాక మా గదిలో ఆ పని ఎప్పుడూ ఆఖరి గంటకి మిగల్లేదు. పైవాళ్ళు వచ్చి ఈ వేడేమిటని అడిగితే, ఆక్సిజన్ వాళ్ళు ఇంకా ఇద్దరున్నారు సార్ అనేది. వాళ్ళు టై వదులు చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

నేను చెప్పబోయే రోజు దీపావళి వెళ్ళిన వారంలోది. ఇంకా తెల్లవారకుండానే బుకిట్ పంజాంగ్‌లో బుల్లి రైలెక్కి చోవా చూ కాంగ్‌లో దిగాను. ఆంటీ ప్లాట్‌ఫారమ్ మీద చేతిసంచీతో నిలబడి ఉంది. సంచీలో మా ముగ్గురికీ అరిటాకు పొట్లాల్లో నాసి లెమాక్, కొబ్బరిపాల అన్నం. రైల్లో ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ రోజు గాలి గట్టిదని ముందురోజే తెలుసు. అక్కడ ఎన్నో వీధులకి ఆపబోతున్నారు. ఆంటీ కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందనుకున్నాను గానీ పెదాలు కదులుతున్నాయి. ఎవరికి ఫోన్ చేస్తే ఏం చెప్పాలో అనుకుంటోందట.

గదిలోకి రాగానే ఏసీ కట్టేసింది. నేను లోపల గొణుక్కున్నాను. పొద్దెక్కే కొద్దీ తెర మీద పేర్లు ఒక్కొక్కటీ పచ్చగా మారుతూ వచ్చాయి. ఒకాయన్ని కొడుకు వచ్చి పట్నం తీసుకెళ్ళిపోయాడు. ఒకావిడ బ్యాటరీ తెచ్చుకుంది. ఒకరు ఊళ్ళో బడిలో పెట్టిన శిబిరానికి మెషీన్‌తో సహా వెళ్ళారు, అక్కడ జనరేటర్ ఉంటుంది కాబట్టి. ఆంటీ అందరితోనూ ఒకే ఓపికతో మాట్లాడింది. కొందరు తిట్టారు. ఎండలో మాకు ఫ్రిజ్ ఉండదు, సెల్లుకి ఛార్జింగ్ ఉండదు, మీకేం, హాయిగా కూర్చున్నారు అన్నారు ఒకాయన. హాయిగా అన్న మాట విని మా వరంగల్ అతను తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా వైపు చూశాడు. ఆంటీ మాత్రం, అవునండీ కష్టమే, క్షమించాలి, మీ మెషీన్‌కి ఏర్పాటు అయిందా అని మళ్ళీ మొదటికొచ్చింది. అలా తిట్లు తింటూ కూడా అడగాల్సింది అడిగి తీరే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నేనైతే రెండో తిట్టుకి ఫోన్ పెట్టేసేదాన్ని.

మధ్యాహ్నానికి ముందు, అంటే అక్కడ పొద్దుగూకాక, ఒక్క పేరు మిగిలింది. ఎనభై దాటిన ఒకావిడ, ఒంటరిగా ఉంటుంది. ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ రాత్రీ పగలూ నడవాలి. ఇచ్చిన నంబరు ఒక్కటే, ఇంటి ల్యాండ్‌లైన్. ముందురోజు నుంచీ ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది. సంస్థ మనిషి వెళ్ళి తలుపు కొట్టాడు, ఎవరూ తీయలేదు, కాగితం తగిలించి వచ్చాడు. అంటే రూలు ప్రకారం పని అయిపోయింది. కరెంటు ఆపడానికి ఇంకా గంటకి కొంచెం ఎక్కువుంది. ఆ ఇంట్లో మనిషి లోపల ఉందో, ఎక్కడికైనా వెళ్ళిందో, లోపలుండి పడిపోయిందో ఎవరికీ తెలియదు. కరెంటు పోయాక ఆ మెషీన్ ఆగిపోతే ఆవిడ ఊపిరి సంగతి ఏమిటన్నది ఒక్కటే మా ముందున్న ప్రశ్న.

"మూసేద్దాం ఆంటీ. కాగితం పెట్టినారు గదా" అన్నాను. నాకు తల తిరుగుతోంది. పొట్లం అన్నం ఎప్పుడో అరిగిపోయింది.

"కాగితం పెట్టినారు సరే. మనిషి కనబడిందా?" అంది ఆంటీ.

కనబడలేదు. ఆంటీ మళ్ళీ ఆ నంబరుకే చేసింది. మోగి ఆగిపోయింది. మా అతను అక్కడి సంస్థ వాళ్ళని ఇంకోసారి మనిషిని పంపమని అడిగాడు. గాలికి దారిలో చెట్టు పడిందనీ, పంపినా చేరడానికి ఆలస్యమవుతుందనీ చెప్పారు. పంపండి, ఆలస్యమైనా సరే అన్నాం. ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగల్లేదనుకున్నాను. ఆంటీ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి పెట్టుకుంది. ఆ వీధిలో ఇంకా ఎవరెవరున్నారో చూడమంది.

ఆవిడ చోవా చూ కాంగ్ కారిడార్ అలవాటు అది. అక్కడ ఒక ఫ్లాటు తలుపుకీ పక్క తలుపుకీ మధ్య ఒక చెప్పుల స్టాండు పట్టేంత జాగా. పక్కింటావిడ రెండ్రోజులు చెప్పులు కదపకపోతే ఆంటీకి తెలిసిపోతుంది. పొద్దెక్కినా కిటికీలో లైటు వెలుగుతూంటే తలుపు తడుతుంది. సింగపూర్‌లో ముసలివాళ్ళు ఎక్కువున్న బ్లాకుల్లో ఒకరినొకరు అలాగే కనిపెట్టుకుని ఉంటారు. అదే పద్ధతిని ఆవిడ సముద్రం దాటించాలనుకుంది. నేను అభ్యంతరం చెప్పాను. ఒకరి జబ్బు సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, చెబితే ఉద్యోగాలు పోతాయి. జబ్బు సంగతి సెప్పను, లైటు సంగతి అడుగుతాను అంది. పక్కింటి ఖాతాకి కూడా ఆ రోజు కరెంటు పోతోంది కాబట్టి ఆ ఇంటాయనకి ఫోన్ చేయడం తప్పేమీ కాదు. చేసింది.

ఎత్తినాయన గొంతు బరువుగా, పెద్దవయసువాడిలా ఉంది. అవును, మెసేజీ వచ్చింది, జనరేటర్‌లో పెట్రోలు పోసుకుంటున్నాను అన్నాడు. సరే, చాలా మంచిది అని, ఆంటీ తన ప్రశ్న అడిగేసింది. మీ పక్కింట్లో లైటు వెలుగుతోందా, కొంచెం చూసి చెబుతారా అని. ఎందుకన్నాడు. ఊరికేనండీ అంది. అక్కడ ఎవరైనా ఉంటున్నారో లేదో తెలుసా అని కూడా అడిగింది.

నేను తల పట్టుకున్నాను. ఎక్కడో పరాయిదేశపు యాసలో ఒకావిడ ఫోన్ చేసి, రాత్రికి కరెంటు ఉండదు, మీ పక్కింట్లో లైటుందా, మనుషులున్నారా అని అడిగితే ఎవడైనా ఏమనుకుంటాడు? దొంగల ముఠా అనుకుంటాడు. ఆయనా అదే అనుకున్నాడు. పోలీసులకి చెబుతానని అరిచి ఫోన్ పెట్టేశాడు. మా వరంగల్ అతను నవ్వు ఆపుకోలేక తువ్వాలులో మొహం దాచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందని ఒళ్ళు మండిపోయింది. ఆంటీ మొహం మాత్రం పాలిపోయింది. ఆవిడని అలా చూడటం నాకు అదే మొదటిసారి. తనని దొంగ అన్నందుకు కాదు. ఇక ఎవరికి చెయ్యాలో తెలియక.

చాలాసేపు గడిచినట్టనిపించింది గానీ ఎంతోసేపు కాలేదు. అక్కడి సంస్థ కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకాయన ఫిర్యాదు చేస్తున్నాడు, మీ గది నుంచి ఎవరో తన పక్కింటి గురించి కూపీ లాగారట, మీరే మాట్లాడుకోండి అని లైను కలిపేశారు. ఆంటీ స్పీకరు వేసింది.

ఆయన పక్కింట్లో నుంచే మాట్లాడుతున్నాడు. దొంగలు వస్తారేమోనని పక్కావిడని హెచ్చరించడానికి వెళ్ళాడట. తలుపు మీద కాగితమేమీ లేదు, గాలి ఎప్పుడో ఎత్తుకుపోయింది. ఎంత కొట్టినా పలకకపోతే వెనక కిటికీ దగ్గరికి వెళ్ళి అద్దం మీద చప్పుడు చేశాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. మెషీన్ మోతలో ఆవిడకి ఏదీ వినబడలేదు. కిటికీలో ఆయన్ని చూశాకే లేచి తలుపు తీసిందట. ఫోన్ ఎందుకు ఎత్తలేదంటే, నిన్నటి నుంచీ ఎవరో గంటగంటకీ చేసి ప్రాణం తీస్తున్నారు, అమ్మకాల వాళ్ళనుకుని వైరు పీకేశాను అందట. గంటగంటకీ చెయ్యమని ఆ ఏర్పాటు రాసింది నేను. మా వరంగల్ అతను నా వైపు చూడకుండా మ్యాపు వైపు చూశాడు. అది అతని మంచితనం.

ఆంటీ ఒక పెద్ద ఊపిరి వదిలి, తనెవరో, ఎందుకు చేసిందో వివరంగా చెప్పింది. ఆయనకి కోపం పోయి తొందర మొదలైంది. కరెంటు ఆపడానికి ఇంకెంతో టైము లేదు. నా ఇంటికి వచ్చేయండి, అక్కడ జనరేటరుంది అని ఆవిడతో అనడం మాకు వినబడుతోంది. ఆవిడ రానంది. తన కుర్చీ, తన గది వదలదట. సరే అయితే జనరేటరునే కంచె దగ్గరికి తెచ్చి వైరు లాగుతానని ఆయన పరిగెత్తాడు. వెళ్తూ తన ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ గొంతు సన్నగా, ఆగి ఆగి వస్తోంది. నాలుగు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటోంది. పక్కన ఒక చిన్న సిలిండరుంది, కాసేపటికి సరిపోతుంది, రాత్రికి చాలదు అంది. ఆంటీ ఆ సిలిండరు గొట్టం పెట్టుకోమని చెప్పి, పెట్టుకునేదాకా లైన్లోనే ఉంది. మధ్యలో మా అతను కుర్చీలో ముందుకు వంగాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"ఆంటీ, గాలి మస్తు పెరిగింది. టైముకే తీసేస్తరు. ఆ ఒక్క లైను జరసేపు తియ్యకుండ ఉంచమని అడగమంటరా? అడిగితె ఇస్తరు."

అడగమని నేను వెంటనే అనేశాను. ఆంటీ వెంటనే అనలేదు. ఆ లైను కింద ఒక్క ఇల్లే కాదు, వీధులకి వీధులున్నాయి. ఎండిన గడ్డి అక్కడంతా ఉంది. ఒకరి ఊపిరికీ అందరి ఇళ్ళకీ మధ్య నిలబడి తేల్చాల్సి వచ్చింది ఆవిడకి. స్పీకరులో మా మాటలు అర్థం కాకపోయినా ఏదో సందేహిస్తున్నామని ముసలావిడకి తెలిసింది. ఏమిటని అడిగింది. ఆంటీ దాచలేదు. మీ జనరేటరు మొదలయ్యేదాకా కరెంటు తీయకుండా కాసేపు ఉంచమని అడగమంటారా అని ఇంగ్లీషులో అడిగింది.

ఆవిడ జవాబు చెప్పడానికి రెండుసార్లు ఊపిరి తీసుకుంది. తర్వాత ఆవిడ అన్నమాట తెలుగులో ఇలా ఉంటుంది.

"నా కోసం ఆగకండి. ఈ కొండ కింద వీధి ఒకసారి కాలిపోయింది. నా చెల్లెలి ఇల్లు కూడా. ఆ రోజు తీగల్లో కరెంటు ఎవరూ ఆపలేదు. మీరు ఆపేయండి."

ఆంటీ మా అతని వైపు చూసి వద్దన్నట్టు తలూపింది. అతను చేతులు కీబోర్డు మీద నుంచి తీసేశాడు. అంత పెద్ద వయసులో, గొట్టంలోంచి వచ్చే గాలి మీద బతుకుతూ, తన కంటే ముందు వీధిని చూసుకున్న ఆ మనిషికి ఏం చెప్పాలి? ఆమె మాట విని, ఆ మాట మీద నిలబడ్డ ఆంటీకి ఏం చెప్పాలి? నేను ఇద్దరిలో ఎవరి స్థానంలో ఉన్నా, కరెంటు కాసేపు ఉంచమనే అడిగి ఉండేదాన్ని.

ఫోన్‌లో ఆయన జనరేటరు తాడు లాగుతున్న చప్పుడు వినబడింది. స్టార్టవలేదు. మళ్ళీ లాగాడు. ఆయన ఏదో తిట్టుకున్నాడు. అంతలో మా మ్యాపులో ఆ కొండవైపు వీధులన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. అదే క్షణంలో ఫోన్‌లో మెషీన్ మోత ఆగిపోయింది. అప్పటిదాకా అది వినబడుతోందని కూడా నేను గమనించలేదు.

మోత ఆగాక గాలి వినబడింది. ఇన్నేళ్ళుగా ఆ గాలిని నేను అంకెల్లో చూశాను, రంగుల్లో చూశాను. వినడం అదే మొదలు. ఇంటి పైకప్పు మీద, తలుపుల సందుల్లో ఊళ వేస్తోంది. నాకు భయం వేసింది. ఆ గాలిలో తీగల్లో కరెంటు ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు అప్పుడే నిజంగా తెలిసింది. మధ్యమధ్యలో ముసలావిడ ఊపిరి వినబడుతోంది. ఆంటీ ఫోన్ వైపు వంగి, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని నెమ్మదిగా అంటూనే ఉంది.

జనరేటరు స్టార్టయింది. దడదడమని మొదలై కాసేపటికి సర్దుకుంది. వైరు కిటికీలోంచి లోపలికి వచ్చింది, మెషీన్ మళ్ళీ మోగింది. మా అతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, ఈసారి నవ్వుతో కాదు. అక్కడి సంస్థ మనిషి పడిన చెట్టు చుట్టూ తిరిగి వస్తున్నాడని, రాత్రికి రెండో సిలిండరు తెస్తాడని కబురొచ్చింది. ఆంటీ ఆ కబురు చెప్పి, మామూలుగా చివర్లో అందరికీ చెప్పేదే ఆవిడకీ చెప్పింది. కరెంటు తీసేసినందుకు క్షమించాలి అని.

"క్షమించాలి అనకండి" అంది ఆవిడ. "థాంక్యూ."

ఆంటీ ఎన్నేళ్ళుగానో ఆ కుర్చీలో కూర్చుని రోజుకి ఎందరితోనో మాట్లాడింది. తిట్లకి ఆవిడ దగ్గర జవాబుంది, ఏడుపులకి జవాబుంది. దీనికి లేదు. నా చెయ్యి పట్టుకుని ఫోన్ దగ్గరికి లాగింది, నువ్వు సెప్పు అన్నట్టు. అటువైపు ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా ముగ్గురం ఆ గాలి వింటూ కూర్చున్నాం.